బెల్‌ఫాస్ట్‌లో పోలీసులను ‘పీలర్లు’ అని ఎందుకు అంటారు? అది తిట్టా?

తిట్టు కాదు. కానీ ముద్దుపేరు కూడా కాదు. నేను చదువు కోసం ఉత్తర ఐర్లండ్ రాజధాని బెల్‌ఫాస్ట్ వెళ్లి, ఆరేళ్లు అక్కడే ఉన్నాను.

వెళ్లిన కొత్తలో ఒక సాయంత్రం పక్కింటి పెద్దావిడ తలుపు తట్టి, వీధి చివర పీలర్లు ఉన్నారని చెప్పారు. ఆ సమయానికి నా చేతిలో బంగాళాదుంపల తొక్క తీసే పీలర్ ఉంది. నేను దానివైపు చూడటం గమనించి, ఆవిడ నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి పోలీసు బండిని చూపించారు.

ఆ మాట ఒక ఇంటిపేరు నుంచి పుట్టింది. రాబర్ట్ పీల్ 1812 నుంచి 1818 దాకా ఐర్లండ్ వ్యవహారాలు చూసిన బ్రిటిష్ చీఫ్ సెక్రటరీ. అల్లర్లు జరిగే ప్రాంతాలకు పంపడానికి 1814లో ఆయన ఒక ప్రత్యేక పోలీసు దళాన్ని తెచ్చాడు. దాని ఖర్చు ఆ ప్రాంతం వాళ్లే భరించాలి. తమను అణచడానికి వచ్చినవాళ్లకు తామే డబ్బు కట్టాలన్నమాట! పీల్ మనుషులు కాబట్టి పీలర్లు. ఆ పిలుపులో ఆప్యాయత లేకపోవడానికి మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం. కాథలిక్కులకు సమాన హక్కులు ఇవ్వడాన్ని పీల్ ఎదిరించినందుకు, ఐరిష్ నాయకుడు డేనియల్ ఓకానెల్ ఆయనకు ‘ఆరెంజ్ పీల్’ అని పేరు పెట్టాడు. ఆరెంజ్ అన్నది అక్కడి ప్రొటెస్టంట్ సంఘం పేరు. రెండు మాటలూ కలిపితే నారింజ తొక్క!

తర్వాత 1829లో, హోం మంత్రిగా, ఇదే పీల్ లండన్‌లో మెట్రోపాలిటన్ పోలీసును స్థాపించాడు. అక్కడా మొదట్లో పీలర్లనే అన్నారు గానీ, చివరికి ‘బాబీ’ అన్న పేరు స్థిరపడింది. రాబర్ట్‌ను ముద్దుగా పిలిచే పేరు అది. ఒకే మనిషి ముద్దుపేరు లండన్‌లో నిలిచింది, ఇంటిపేరు ఐర్లండ్‌లో నిలిచింది. నాకు ఎంతో నచ్చిన సంగతి ఇది.

ఉత్తర ఐర్లండ్‌లో 2001లో పోలీసు శాఖ పేరే మారింది, ఈ మాట మాత్రం మారలేదు. దాని బరువు అనేవారిని బట్టి ఉంటుంది. పక్కింటావిడ ‘వాన వస్తోంది’ అన్నంత మామూలుగా అనేవారు. నాతో పనిచేసిన ఒక పెద్దాయన మాత్రం గొంతు తగ్గించి, తలుపు వైపు చూసి అనేవారు. ఆయన చిన్నతనం కల్లోలాల కాలంలో, అంటే అక్కడి కాథలిక్కులకూ ప్రొటెస్టంట్లకూ మధ్య దశాబ్దాల పాటు హింస సాగిన రోజుల్లో గడిచింది. అందుకే బయటివాళ్లం మనంతట మనం ఆ మాట వాడకపోవడమే మంచిది.

నా సైకిల్ పోయినప్పుడు ఫిర్యాదు రాసుకోవడానికి వచ్చిన అధికారితో నేను ‘పోలీస్’ అనే అన్నాను. ఆయన మాత్రం, తాను ఇరవై ఏళ్లుగా పీలర్‌నని చెప్పుకున్నారు.