చిమ్నీ, బుడ్డి, లాంతరు

సందేహం: పాతకాలపు గాజు నూనెదీపాల గురించిన ఒక ఆంగ్ల వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. మంట చుట్టూ నిలిపే గాజు గొట్టాన్ని ‘గాజు మూత’ అనవచ్చునా, ‘చిమ్నీ’ అనే ఉంచాలా? బుడ్డి, లాంతరు పర్యాయపదాలేనా?

సమాధానం: ‘చిమ్నీ’ అనే ఉంచండి. మూత అంటే మూసేది. ఈ గొట్టం పైనా కిందా తెరిచి ఉంటుంది, దాని ప్రయోజనమంతా ఆ తెరపిలోనే ఉంది. లోపల వేడెక్కిన గాలి పైకి పోతుంటే ఆ చోటికి కిందినుంచి కొత్తగాలి వస్తుంది. అందువల్ల నూనె బాగా మండి, పొగ తగ్గి, వెలుగు పెరుగుతుంది. గాలికి దీపం ఆరిపోకుండా కాపాడటం దీనికి తోడైన మేలు మాత్రమే.

ఈ కిటుకును ఇంటి దీపానికి తెచ్చినవాడు జెనీవాకు చెందిన ఎమే ఆర్గాండ్. వత్తిని బోలుగా చుట్టి, మంటకు లోపలా బయటా గాలి అందేటట్లు చేసి, దానిపై గొట్టాన్ని అమర్చిన ఈ దీపానికి ఆయన 1784లో ఇంగ్లండులో పేటెంటు పొందాడు. ఆ ఏడాదే, తరువాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్, ఇది ఆరెనిమిది కొవ్వొత్తుల వెలుగునిస్తుందని పారిస్ నుంచి మిత్రుడికి జాబు రాశాడు. అయితే ఆనాటి నూనెలు చిక్కనివి కావడంతో వత్తి వాటిని ఎక్కువ ఎత్తుకు పీల్చలేకపోయేది. నూనె తొట్టిని మంటకంటే ఎత్తున పెట్టడమో, 1800 నాటి కార్సెల్ దీపంలోలాగా గడియారపు యంత్రంతో నూనెను పైకి తోడటమో తప్పేది కాదు.

‘బుడ్డి’ అనే మాట ఔచిత్యం ఇక్కడే తెలుస్తుంది. బుడ్డి అంటే చిన్న సీసా. సిరాబుడ్డిలో ఉన్నదీ ఆ మాటే. కిరసనాయిలు పలుచన కాబట్టి అడుగున ఉన్న బుడ్డిలోనుంచి వత్తివెంట తనంతట తానే పైకెక్కుతుంది. 1853లో పోలండు జాతీయుడైన ఔషధ నిపుణుడు వుకాషెవిచ్ చేసిన కిరసనాయిలు దీపం ఇప్పటి ఉక్రెయిన్‌లోని ల్వీవ్ నగర ఆసుపత్రిలో వెలిగిన తరువాత ఇటువంటి దీపాలు లోకమంతా వ్యాపించాయి. చిక్కని ఆముదానికి మాత్రం నూనె వత్తి కొనదాకా నిలిచే లోతులేని ప్రమిదే తగినది. కనుక ఆముదపు దీపాన్ని బుడ్డిదీపం అనకండి.

లాంతరు వేరు. చేతపట్టుకొని నడవడానికి వీలుగా పిడి, గాజు చుట్టూ చట్రం ఉన్నదే లాంతరు. తెలంగాణలో దీనినే కందిలి అంటారు. బుడ్డిదీపానికి చిమ్నీ ఉండవచ్చు, ఉండకపోవచ్చు, లాంతరుకు గాజు తప్పనిసరి. మీ వ్యాసంలోనివి బల్లమీద నిలిపే దీపాలైతే వాటిని లాంతర్లు అనక ‘చిమ్నీ దీపాలు’ అనడమే సరైనది.