అలిపిరి మెట్లెక్కగలిగితే చాలు: పెద్దవాళ్లతో ఘోరేపానీ, ఘాంద్రుక్ నడక

మీ ప్రశ్న చదవగానే నేను మా నాన్న కోసం ఇలాంటి దారి వెతికిన రోజులు గుర్తొచ్చాయి. "అమ్మకు 58 ఏళ్లు, ఇద్దరికీ ట్రెక్కింగ్ అలవాటు లేదు, టెంట్లలో పడుకోలేం, మంచు కొండల్ని దగ్గరగా చూస్తూ నాలుగైదు రోజులు ఊళ్ల మీదుగా నడిచే దారి ఏదైనా ఉందా" అని అడిగారు. నేను నాన్నతో వెళ్లినప్పుడు ఆయనకు 63. రోజూ పొద్దున పార్కులో నడవడం తప్ప వేరే అలవాటేమీ లేదు. మేం ఎంచుకున్నది నేపాల్‌లోని ఘోరేపానీ, పూన్‌హిల్, ఘాంద్రుక్ దారి. మీకూ అదే చెబుతాను.

పోఖరా నగరంలో మొదలై తిరిగి పోఖరాకే చేరే దారి ఇది. ప్రతి రాత్రీ ఏదో ఒక ఊళ్లో లాడ్జిలో పడుకుంటారు. మంచం, పరుపు, దుప్పటి, వేడి భోజనం అన్నీ అక్కడే దొరుకుతాయి. ఎత్తు కూడా మరీ భయపడేంత కాదు. అన్నిటికన్నా ఎత్తైన పూన్‌హిల్ 3,210 మీటర్లు, అక్కడ ఓ గంట ఉండి దిగిపోతారు. రాత్రి పడుకునే ఊళ్లన్నీ 3,000 మీటర్ల లోపే. అయినా అమ్మకు బీపీ, గుండె, ఆయాసం లాంటివి ఉంటే ముందు డాక్టర్‌తో మాట్లాడండి.

దీన్ని అందరూ "ఈజీ ట్రెక్" అంటారు. ఎత్తు, దూరం చూస్తే నిజమే. కానీ దారి పొడవునా మెట్లే. రాళ్లు పేర్చి కట్టిన మెట్లు, ఒకటి జానెడు ఎత్తుంటే ఇంకోటి మూరెడు. తిక్‌హెడుంగా నుంచి ఉల్లేరి ఊరి దాకా మూడు వేల పైచిలుకు ఉంటాయని అక్కడివాళ్లు చెబుతారు. తిరుమలకు అలిపిరి దారిలో ఉన్నవి 3,550. కాబట్టి మనవాళ్లకు ఈ లెక్క అర్థం కావడం కష్టమేమీ కాదు. తేడా ఏంటంటే, అలిపిరిలో మధ్యమధ్య చదునైన దారి వస్తుంది. ఉల్లేరి దగ్గర దాదాపు మొత్తం మన మోకాళ్ల మెట్టులాగే ఉంటుంది. అందుకే వెళ్లే ముందు అమ్మని ఒకసారి అలిపిరి మెట్లెక్కించండి. ఎక్కించి బస్సులో దింపొద్దు, దిగేటప్పుడూ నడిపించండి. ఎందుకో కింద చెబుతాను.

మేం మార్చి చివర్లో వెళ్లాం. పోఖరా నుంచి జీపులో తిక్‌హెడుంగా దాకా వెళ్లి అక్కడి నుంచి నడక మొదలుపెట్టాం. మా ఇద్దరి సామాన్లు ఒకే బ్యాగులో సర్ది ఒక పోర్టర్‌ని పెట్టుకున్నాం. 25 ఏళ్లు కూడా ఉండవు, ఆ కుర్రాడికి. నాన్న ఉత్సాహం కొద్దీ మొదటి రెండు వందల మెట్లు చకచకా ఎక్కేసి, మొహమంతా ఎర్రబడి ఓ రాయి మీద కూలబడ్డారు. ఆ అబ్బాయి వెనకాలే వచ్చి, చేత్తో నేలని నిమురుతున్నట్టు చూపించి "బిస్తారై, బుబా, బిస్తారై" అన్నాడు. మెల్లగా నాన్నా, మెల్లగా అని. ఆ తర్వాత మా నడకంతా ఆ మాట మీదే సాగింది. యాభై మెట్లు, రెండు నిమిషాలు నిలబడటం. మళ్లీ యాభై. నాన్న లోపల్లోపల గోవింద నామాలు చెప్పుకుంటూ ఎక్కారు. రెండున్నర గంటల్లో ఉల్లేరి చేరాం. చాలామంది మమ్మల్ని దాటి వెళ్లారు, ఎవరి పరుగు వాళ్లది.

ఇప్పుడు జీపులు ఉల్లేరి దాకా కూడా వెళ్తున్నాయి. మీ అమ్మగారికి మోకాళ్ల ఇబ్బంది ఏ కొంచెం ఉన్నా మొహమాటపడకుండా ఉల్లేరి దాకా జీపులోనే వెళ్లండి. అసలు అందమైన భాగం ఆ పైనే మొదలవుతుంది.

ఉల్లేరి మగర్లు అనే కొండజాతి వాళ్ల ఊరు. అక్కడి నుంచి ఘోరేపానీకి నాలుగైదు గంటల అడవి దారి, మధ్యలో బంథాంటీ, నంగేథాంటీ అనే మజిలీలు. మార్చి, ఏప్రిల్‌లో వెళ్తే ఈ అడవంతా లాలీగురాస్ పూలే. రోడోడెండ్రాన్ అంటారే, అదే. నేపాల్ జాతీయ పుష్పం. మన దగ్గర పూల మొక్కంటే నడుము దాకా ఉంటుంది, ఇక్కడ తాటిచెట్టంత ఎత్తు చెట్లు. మోదుగు పూసినప్పుడు ఎలా ఉంటుందో ఆ ఎరుపు, కానీ నాచు పట్టిన నల్లటి కొమ్మల మీద. దారంతా రాలిన పూలే. నాన్న వాటిని తొక్కకుండా పక్కన అడుగేసుకుంటూ నడిచారు, అంతసేపూ.

కంచరగాడిదల గురించి ఒక మాట. మెడలో గంటల చప్పుడు వినపడగానే కొండ వైపుకి జరిగి నిలబడండి, లోయ వైపు మాత్రం వద్దు. వాటి మీద రెండు వైపులా గ్యాస్ సిలిండర్లు, బస్తాలు ఉంటాయి. అవి దారివ్వవు, మనమే ఇవ్వాలి. టిబెట్ ఉప్పు, ధాన్యం మోసుకుంటూ జంతువులు తిరిగిన పాత వర్తక దారి ఇది. గుర్రాలు నీళ్లు తాగే చోటు కాబట్టే ఘోరేపానీ అయింది. తాడాపానీ అంటే నీళ్లు దూరంగా ఉన్న చోటు. రోడ్లు పడకముందు ముక్తినాథ్‌కి కాలినడకన వెళ్లే యాత్రికులు కూడా ఘోరేపానీ మీదుగానే వెళ్లేవాళ్లు. 108 దివ్యదేశాల్లో ఒకటి కాబట్టి మనవాళ్లు ఇప్పటికీ పోఖరా మీదుగా ముక్తినాథ్ వెళ్తుంటారు. అమ్మకు ఆసక్తి ఉంటే నడక అయ్యాక జీపులో అదీ కలుపుకోవచ్చు. అది 3,700 మీటర్ల పైన ఉంది, జాగ్రత్త.

ఘోరేపానీ దాదాపు 2,870 మీటర్ల ఎత్తులో ఉంది. సాయంత్రం చలి గట్టిగానే ఉంటుంది. గదుల్లో హీటర్లు ఉండవు. అందరూ భోజనాల హాల్లో, మధ్యలో ఉండే ఇనుప డ్రమ్ము పొయ్యి చుట్టూ చేరతారు. పొయ్యి పైన తీగ కట్టి ఉంటుంది, దాని మీద పదేసి దేశాల వాళ్ల తడి మేజోళ్లు వరసగా ఆరుతుంటాయి. లాడ్జి నడిపే దీదీ అందరికీ దాల్‌భాత్ వడ్డిస్తుంది. అన్నం, పప్పు, కూర, ఆకుకూర, పచ్చడి, అప్పడం. అడిగితే మళ్లీ వడ్డిస్తారు, దానికి వేరే డబ్బులుండవు. మిగతా వంటకాలేవీ అలా కాదు. పాస్తాలు, పిజ్జాలు మెనూలో ఉన్నా వాటి జోలికి వెళ్లకండి. అన్నం తినే మనకి దాల్‌భాత్ దొరకడం పెద్ద అదృష్టం. మేం కందిపొడి, గోంగూర పచ్చడి తీసుకెళ్లాం. దీదీకి కొంచెం గోంగూర పెడితే, ఆవిడ లోపలికెళ్లి ఎండబెట్టి పులియబెట్టిన ఆకుకూర తెచ్చి మాకు పెట్టింది. గుంద్రుక్ అంటారు దాన్ని. పులుపు చూసి నాన్న "ఇది కూడా గోంగూర చుట్టమే" అన్నారు. మాకు నేపాలీ రాదు, ఆవిడకి తెలుగు రాదు, వచ్చిన నాలుగు హిందీ ముక్కలతోనే గంటసేపు కూర్చున్నాం.

ఇక పూన్‌హిల్. పొద్దున నాలుగున్నరకి తల మీద టార్చి లైటు పెట్టుకుని మళ్లీ మెట్లే, ముప్పావుగంట నుంచి గంట. మేం మొదటి రోజు ఎక్కినప్పుడు ఏమీ కనిపించలేదు. నాలుగు వైపులా తెల్లటి మబ్బు, అంతే. చుట్టూ వంద మంది పైనే నిలబడి ఉన్నారు. ఏడింటి దాకా చూసి ఒక్కొక్కరే దిగిపోయారు. వాళ్లలో చాలామందికి ఆ రోజే తాడాపానీకి వెళ్లక తప్పని ప్లాన్. నేను ముందు మాట్లాడిన ఒక ట్రావెల్ ఏజెంట్ కూడా మూడు రాత్రుల్లో మొత్తం చుట్టేయొచ్చని గట్టిగా చెప్పాడు. నాన్న వయసు చూసి నేనే ఒక రోజు అదనంగా పెట్టుకున్నాను. ఆ రోజే మమ్మల్ని కాపాడింది. ఘోరేపానీలోనే ఉండిపోయి, ఊరంతా తిరిగి, మధ్యాహ్నం పడుకుని, మర్నాడు మళ్లీ ఎక్కాం.

రెండో రోజు ఒక్క మబ్బు లేదు. పైన ఆకాశం ఇంకా చీకటిగా ఉండగానే ధవళగిరి కొసన ఒక చిన్న గులాబీ చుక్క పడింది. 8,167 మీటర్ల శిఖరం మరి. ఆ చుక్క మెల్లగా కిందికి పాకుతూ నారింజ, తర్వాత పసుపు, చివరికి తెలుపు అయింది. కుడి వైపున అన్నపూర్ణ సౌత్, హిఉన్‌చులీ, ఇంకా పక్కకి మచ్ఛపుచ్ఛ్రే. అసలు అన్నపూర్ణ, అంటే 8,091 మీటర్లది, వెనకెక్కడో ఉండటం వల్ల ముందున్న 7,219 మీటర్ల సౌత్ కన్నా చిన్నదిగా కనిపిస్తుంది. 1950లో ఫ్రెంచి వాళ్లు ఎక్కింది దాన్నే. ఎనిమిది వేల మీటర్లు దాటిన శిఖరాల్లో మనిషి మొదట కాలు పెట్టింది అక్కడే. నాన్నకి ఈ సంగతులన్నీ చెబుదామని చదువుకుని వెళ్లాను. ఆయన చేతులు జోడించి నిలబడి ఉన్నారు, చెప్పబుద్ధి కాలేదు. టీ గ్లాసు చేతికిస్తే అది చల్లారిపోయేదాకా అలాగే పట్టుకున్నారు.

కాబట్టి మీరు ఏం తగ్గించుకున్నా సరే, ఒక ఖాళీ రోజు మాత్రం తగ్గించకండి.

ఘోరేపానీ నుంచి తాడాపానీకి వెళ్లే రోజు గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. మొదట దేవురాలీ దాకా ఎక్కుడు, దాదాపు 3,100 మీటర్లు. తర్వాత ఒక వాగు పక్కన ఇరుకు లోయలోకి నిటారుగా దిగుడు. తడి రాళ్లు, వేర్లు, నీడ. ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ లేని నాన్నకి ఇక్కడ కుడి మోకాలు పట్టేసింది. చూడటానికే నాకు భయమేసింది. నీక్యాప్ వేసి, నా కర్ర కూడా ఆయనకే ఇచ్చి, ఒక్కో మెట్టూ పక్కకి తిరిగి దిగేలా చేశాం. ఐదారు గంటల నడక మాకు ఎనిమిదిన్నర గంటలు పట్టింది. మెట్లు దిగడం కూడా అలవాటు చేయించమన్నది ఇందుకే. రెండు కర్రలు, రెండు నీక్యాపులు అమ్మకి తప్పనిసరి. కొత్త బూట్లు కనీసం నెల ముందు నుంచి వేసుకు తిరగాలి. ఆ రోజు మాత్రం పొద్దున్నే పెందలాడే బయల్దేరండి.

తాడాపానీలో లేవగానే కిటికీలోంచి మచ్ఛపుచ్ఛ్రే కనిపించింది. పోఖరా నుంచి చూస్తే ఒకే మొనలా ఉంటుంది. ఇటు వైపు వస్తే చేప తోకలా రెండుగా చీలి కనిపిస్తుంది, పేరెందుకు వచ్చిందో అప్పుడు తెలుస్తుంది. శివుడికి పవిత్రమైన కొండ అని దాన్ని ఎక్కనివ్వరు. 1957లో ఒక బ్రిటిష్ బృందం శిఖరానికి కొద్ది మీటర్ల దూరంలో ఆగి వెనక్కొచ్చింది.

అక్కడి నుంచి మూడు గంటలు దిగితే ఘాంద్రుక్. నన్నడిగితే ఈ నడకలో అందరూ పూన్‌హిల్ పేరు చెబుతారు గానీ, ఉండాల్సింది ఘాంద్రుక్‌లో. గురుంగులు అనే మరో కొండజాతి వాళ్ల పెద్ద ఊరు. పలకరాళ్లు కప్పిన ఇళ్లు, రాతి పలకలు పరిచిన వాకిళ్లు, చూరు కింద గుత్తులుగా కట్టిన మొక్కజొన్న కంకులు. భారత, బ్రిటిష్ సైన్యాల్లో గూర్ఖాలుగా పనిచేసి పెన్షన్ మీద ఊరికొచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఓ వాకిట్లో కూర్చున్న పెద్దాయన మా నాన్నతో చక్కటి హిందీలో మాట్లాడారు. పంటల గురించి, పిల్లలు ఊళ్లో ఉండకపోవడం గురించి. అన్నపూర్ణ ప్రాంతాన్ని కాపాడే పథకం 1986లో మొదలైంది ఈ ఊళ్లోనే. ఆ ప్రాంతంలో నడవడానికి మీకూ పర్మిట్ కావాలి, పోఖరాలో తీసుకోవచ్చు, మనలాంటి సార్క్ దేశాల వాళ్లకు ఫీజు తక్కువ.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. మనకి వీసా అక్కర్లేదు, పాస్‌పోర్ట్ లేదా ఓటరు కార్డు ఒరిజినల్ తీసుకెళ్లండి. ఆధార్‌ని నమ్ముకుని ఎయిర్‌పోర్టుకి వెళ్లొద్దు. విదేశీ ట్రెక్కర్లకు గైడ్ ఉండాలని నేపాల్ 2023 ఏప్రిల్‌లో నిబంధన పెట్టింది. అమ్మ తోడుంటారు కాబట్టి నిబంధనతో పని లేకుండా ఎలాగూ పెట్టుకోండి. పైన ఏటీఎంలను నమ్ముకోకుండా పోఖరాలోనే నేపాలీ నోట్లు తీసుకోండి. మన 100 రూపాయలు వాళ్ల 160 రూపాయలు. పోర్టర్ మీద మోయలేనంత బరువు పెట్టకండి, అతని భోజనం, చలికోటు సంగతి కూడా అడగండి. వెళ్లడానికి అక్టోబర్, నవంబర్ అన్నిటికన్నా మంచివి, ఆకాశం స్పష్టంగా ఉంటుంది. పూలు కావాలంటే మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో, కానీ మధ్యాహ్నానికి మబ్బు పడుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వాన, జలగలు, అసలొద్దు.

ఒకవేళ అలిపిరి దిగుతున్నప్పుడే అమ్మకు మోకాళ్లు సలిపితే టెన్షన్ పడి మొత్తం మానుకోకండి. పోఖరా నుంచి ఘాంద్రుక్ దగ్గరలో ఉన్న కిమ్చే దాకా జీపు వెళ్తుంది. అక్కడి నుంచి తీరుబడిగా నడిచి ఊళ్లోకి వెళ్లి రెండు మూడు రాత్రులు ఉండండి. గది తీసుకునేటప్పుడు ఉత్తరం వైపు వాకిలి ఉన్నది అడగండి. పొద్దున దుప్పటి కప్పుకుని మెట్టు మీద కూర్చుంటే, ఎదురుగా అన్నపూర్ణ సౌత్ కనిపిస్తుంది.