హెడ్లు మార్చాక టిక్ టిక్ శబ్దం: పుష్‌రాడ్ పొడవు కొలవండి

ఇంజిన్ సిలిండర్ హెడ్లు మార్చాక టిక్ టిక్ శబ్దం వస్తోందని అడిగారు కదా. చాలావరకు పుష్‌రాడ్లు (లిఫ్టర్ కదలికను రాకర్‌కి అందించే కడ్డీలు) పొట్టి అయ్యుంటాయి. కొత్త హెడ్లు, మందమైన గాస్కెట్, పెద్ద లిఫ్ట్ క్యామ్ (వాల్వ్‌ని ఎక్కువ ఎత్తేది) వేసి పాత రాడ్లే పెట్టానన్నారు. క్యామ్ మీద నడిచే హైడ్రాలిక్ లిఫ్టర్‌కు ప్రీలోడ్ (లోపలి ప్లంజర్ కొద్దిగా నొక్కుకుని ఉండటం) అందక కొట్టుకుంటోంది.

1. పొడవు మార్చుకోగల చెకింగ్ పుష్‌రాడ్ పెట్టి, రాకర్‌ని (వాల్వ్‌ని నొక్కే మీట) చెప్పిన టార్క్‌కి బిగించండి.

2. అందరూ వదిలేసేది ఇదే: కొలిచేటప్పుడు లిఫ్టర్ క్యామ్ బేస్ సర్కిల్ (వాల్వ్ మూసి ఉండే గుండ్రటి భాగం) మీదే ఉండాలి. ఎగ్జాస్ట్ వాల్వ్ అప్పుడే తెరుచుకుంటుంటే ఇన్‌టేక్ కొలవండి. ఇన్‌టేక్ తెరుచుకుని దాదాపు మూసుకోబోతుంటే ఎగ్జాస్ట్ కొలవండి. కంటి అంచనాతో క్రాంక్ తిప్పి నేనూ ఒకసారి రాడ్ల సెట్టు దండగ చేసుకున్నాను.

3. పైకీ కిందికీ ఆట పోయేవరకే పొడవు పెంచండి, ప్లంజర్ దిగకూడదు. దానికి లిఫ్టర్ తయారీదారు చెప్పిన ప్రీలోడ్ కలిపి రాడ్లు తెప్పించండి.

4. బిగించాక వాల్వ్ కొనకు మార్కర్ పూసి క్రాంక్ రెండు చుట్లు తిప్పండి. రాకర్ రాసుకున్న గీత సన్నగా, మధ్యలో పడాలి.