పోలీసులు సేకరించిన డీఎన్‌ఏ శాంపిల్‌ను ల్యాబ్‌లో మార్చేయడం తేలికేనా?

ల్యాబ్ దాకా ఎందుకండీ, దారిలోనే సగం పాడవుతుంది. పల్నాడులో వీఆర్వోగా చేసి రిటైరయ్యాను. మా వైపు హత్య జరిగిందంటే పంచనామాకి మధ్యవర్తులుగా పోలీసులకు ముందు గుర్తొచ్చేది మేమే.

ఒక కేసులో నులకమంచం మీద రక్తం మరకల తువ్వాలు దొరికింది, ఇంకా తడారలేదు. కుర్ర కానిస్టేబుల్ కిరాణా కొట్టు నుంచి పాలిథిన్ కవర్ పట్టుకొచ్చాడు. క్లూస్ టీమ్ మేడమ్ ఇంతెత్తున లేచింది: “అందులో మూటగడితే బూజు పట్టిపోద్ది, ఇంక డీఎన్‌ఏ ఎక్కడిది?” పోనీ ఎండలో ఆరేద్దామన్నారు ఎస్సై గారు. అదీ కుదరదంది. వసారాలో తెల్లకాగితం పరిచి, తువ్వాలు ఆరేదాకా అందరినీ కూర్చోబెట్టింది. టీ ఖర్చు మాదే, అది వేరే సంగతి. ఈలోపు గచ్చు మీద ఎండిన మరకను తడి స్వాబ్‌తో, అంటే దూది చుట్టిన పుల్లతో అద్దింది, పోల్చి చూడ్డానికి పక్కనే మరక లేని చోట ఇంకో స్వాబ్ తీసింది. వస్తువు మారితే గ్లౌజులూ మార్చింది. ఆరిన తువ్వాలును ఖాకీ కాగితం కవర్లో పెట్టి, మా సంతకాల చీటీలు అంటించి, లక్క సీలు వేశారు.

అనుమానితుడి రక్తం పోలీసులు తీయరు, డాక్టరే తీయాలి. ఊదారంగు మూత ట్యూబులో పోసి చల్లగా పంపాలి.

ఇంత పద్ధతిగా కట్టిన కవరు తిరునాళ్ల బందోబస్తు అయ్యేదాకా స్టేషన్ బీరువాలోనే ఉంది! పంపే మనిషి లేడట. 2025 జులైలో సుప్రీంకోర్టు ఇలాంటి శాంపిళ్లు 48 గంటల్లో ల్యాబ్‌కి చేరాలని, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో రిజిస్టర్‌లో రాయాలని, ట్రయల్ కోర్టు అనుమతి లేకుండా కవరు విప్పకూడదని చెప్పింది. బాగానే ఉంది, మరి కానిస్టేబుళ్లను ఎవరిస్తారు?

ల్యాబ్ వాళ్లను మాత్రం నేను అనుమానించను. 2013లో మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర వోల్వో బస్సు కాలి 45 మంది పోతే, గుర్తుపట్టలేని శవాలను బంధువుల రక్తంతో పోల్చి అప్పగించింది వాళ్లే కదా. నా లెక్కన కేసులు వీగిపోయేది బీరువాల దగ్గరే.

ఏళ్ల తర్వాత కోర్టుకు పిలిచారు. డిఫెన్స్ లాయరు డీఎన్‌ఏ ఊసే ఎత్తలేదు. చీటీ మీద సంతకం నీదేనా, సీలు ఎవరి దగ్గరుంది, కవరు స్టేషన్ నుంచి ఎప్పుడు కదిలింది, ఇవే తిప్పి తిప్పి అడిగాడు. చివరిదానికి నేనేం చెప్పను? ఎస్సై గారిని అడగండి అన్నాను. ఆయనేమో అప్పటికే బదిలీ అయి వెళ్లిపోయారు.