విన్న నవల గురించి నలుగురితో మాట్లాడించేటప్పుడు

చిరంజీవి చిట్టికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళంతా ఆ నాపా లోయ నవల, అదే అమెరికాలో మద్యనిషేధం రోజుల్లో కాలిఫోర్నియాలో ద్రాక్షతోట నడిపిన వైన్ కుటుంబం కథ, ఆడియోలో విన్నారనీ, ఆదివారం చర్చ నువ్వే నడపాలనీ రాశావు. వాళ్ళు పంపిన అభిప్రాయాలన్నీ చదివాను. ఒకరికి అద్భుతంగా ఉందట, ఇంకొకరికి సాగదీసినట్టుందట. ఒకావిడ చదివినామె గొంతు భరించలేకపోయిందట. ఇంకొకావిడ "మందు అమ్ముకునే కుటుంబం కథ నాకెందుకు" అని మూడో అధ్యాయంలోనే ఆపేసిందట. వీళ్ళందరినీ ఒక గదిలో ఎలా కూర్చోబెట్టాలా అని నీకు టెన్షన్‌గా ఉంది. ఇక్కడ ఫ్రీమాంట్‌లో మా బృందం ఇలా విని మాట్లాడుకోవడం చాలా ఏళ్ళుగా సాగుతోంది కాబట్టి, నాకు తెలిసింది చెబుతాను. నన్నడిగితే మధ్యలో ఆపేసిన ఆవిడ దగ్గరే నీకు అసలు చర్చ దొరుకుతుంది. ఆవిణ్ణి మాత్రం వదులుకోకు.

ముందు గొంతు సంగతి తేల్చెయ్. ఆడియోలో కథా, చదివే మనిషీ కలిసిపోయి చెవిలో పడతారు. తాతగారి మాటలకు ఇటాలియన్ యాస పెట్టి చదివితే కొందరికి ముచ్చటేస్తుంది, కొందరికి వెక్కిరించినట్టుంటుంది. స్పీడు ఒకటిన్నర పెట్టుకుని విన్నవాళ్ళకు ఏడుపు సీను కూడా పరుగులాగే వినిపిస్తుంది. కాబట్టి మొదటి పది నిమిషాలూ గొంతు గురించే మాట్లాడమను. కడుపులో ఉన్నదంతా చెప్పేశాక కథలోకి రావడం తేలిక. "సాగదీశారు" అన్నవాళ్ళను ఎక్కడ వింటూ ఉన్నారో అడుగు. వంట చేస్తూ విన్నవాళ్ళకు ఏ అధ్యాయం ఏ సంవత్సరంలో జరుగుతోందో జారిపోతుంది. మనవరాలి కాలానికీ తాతగారి కాలానికీ మధ్య కథ ఇటూ అటూ దూకుతుందని నువ్వే రాశావు. పుస్తకమైతే రెండు పేజీలు వెనక్కి తిప్పి చూసుకుంటాం. ఇక్కడ అధ్యాయం మొదట్లో సంవత్సరం చెప్పిన క్షణంలోనే కుక్కర్ విజిల్ వేసిందంటే అంతే సంగతులు. ఒక కాగితం మీద అధ్యాయాలూ వాటి సంవత్సరాలూ రాసి అందరికీ ముందే పంపు.

ఇక చరిత్ర. ఇక్కడ నువ్వు బాగా తయారై వెళ్ళాలి. "నిషేధ చట్టం ఉండగా అంత బాహాటంగా ద్రాక్ష ఎలా పండించారు, ఇదంతా రచయిత కల్పన" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అమెరికాలో మద్యనిషేధం 1920 జనవరిలో అమల్లోకి వచ్చి 1933 డిసెంబరు దాకా నడిచింది. ఆ చట్టం తయారీని, అమ్మకాన్ని, రవాణాను నిషేధించింది. తాగడాన్ని నేరం చెయ్యలేదు. ఇంటి వాడకానికి ఏటా 200 గ్యాలన్ల దాకా, అంటే సుమారు 750 లీటర్లు, పళ్ళరసం చేసుకునే వెసులుబాటు ఉండేది. మత్తెక్కకూడదని షరతు పెట్టారు కానీ, ఇంట్లో పీపాలో పోసి ఉంచిన రసం పులవకుండా ఎలా ఉంటుంది? చర్చిలో పూజకు వాడే వైన్‌కు మినహాయింపు ఉంది. నాపా లోయలోని రూథర్‌ఫర్డ్‌లో జార్జ్ డి లాటూర్ అనే ఆయన తన బోల్యూ తోట నుంచి కేథలిక్ చర్చిలకు వైన్ పంపి ఆ పదమూడేళ్ళూ నిలదొక్కుకున్నాడు. గట్టిగా నొక్కి చేసిన ద్రాక్ష దిమ్మలు కూడా అమ్మేవారు. నీళ్ళలో కలిపి అలమరలో ఇన్ని రోజులు ఉంచితే వైన్ అయిపోతుంది కాబట్టి అలా చెయ్యవద్దని వాటి మీద హెచ్చరిక ఉండేది. కొనేవాడికి అదే తయారీ విధానం.

నవలలో తాతగారు మంచి తీగలు పీకించేసి వేరే రకం నాటించే ఘట్టం ఉందన్నావు కదా, దాని గురించి ఎవరూ ఒక్క ముక్క రాయకపోవడం నాకు కొరతగా అనిపించింది. అక్కడ కాసేపు ఆగండి. ఇళ్ళలో వైన్ చేసుకునేవాళ్ళు పెరిగేసరికి షికాగో, న్యూయార్క్ నుంచి ద్రాక్షకు గిరాకీ వచ్చిపడింది. రైలు పెట్టెలో రోజుల తరబడి ప్రయాణించి చెడకుండా చేరాలంటే తొక్క మందంగా ఉండాలి. అలికాంటే బూషే అనే రకం అలాంటిది. మామూలు నల్లద్రాక్ష కొరికితే లోపల తెల్లగా ఉంటుంది, దీని గుజ్జు కూడా ఎర్రగా ఉంటుంది. అందువల్ల నీళ్ళు, పంచదార కలిపి రెండోసారి పిండినా రంగు దిగేది. రుచి సంగతి అడక్కు. తరాల తరబడి సాకిన తీగలు తీసేసి, రంగు కోసం, తొక్క కోసం ఇది వేశారు. మొదటి ఏళ్ళలో ధర బాగా పలికింది. అందరూ అదే నాటేసరికి 1925 తర్వాత సరుకు ఎక్కువైపోయి ధర కూలిపోయింది. అంటే ఆ కుటుంబం చట్టానికి లొంగి తోటను మార్చుకుంది, ఆ మార్పే తర్వాత దెబ్బతీసింది. పోలీసు దాడుల సీన్ల కంటే ఈ ఘట్టమే నాకు బాధ అనిపిస్తుంది. మిరప వేసి, ధర చూసి పత్తికి మారి, మళ్ళీ నష్టపోయిన ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు మీలో ఉండే ఉంటారు. వాళ్ళను మాట్లాడించు.

నాపా, సొనోమా ప్రాంతాల్లో ఆ కాలపు తీగలు ఇంకా అక్కడక్కడా బతికున్నాయి. ఇప్పటి తోటల్లోలా వరసగా ఇనప తీగెలు లాగి వాటికి కట్టినవి కావు. నేల మీద విడివిడిగా, మెలితిరిగిన పొట్టి చెట్లలా నిలబడి ఉంటాయి. చలికాలంలో కత్తిరింపులు అయ్యాక చూస్తే మొద్దులు తప్ప ఏమీ ఉండదు. మొదలు పట్టుకుంటే బెరడు పేలికలు పేలికలుగా చేతికొస్తుంది. ఒకే తోటలో జిన్‌ఫాండెల్ అనే ఇంకో ద్రాక్ష రకం మధ్య మధ్య ఈ అలికాంటే కనబడుతుంది. వీలైతే ఫోటోలు పంపుతాను, అందరికీ చూపించు.

ఇప్పుడు ఆపేసిన ఆవిడ దగ్గరికి వస్తాను. ఆవిడది నెల్లూరు జిల్లా అని రాశావు. అక్కడి దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం మనకు చరిత్ర పాఠం కాదు, మన ఇళ్ళలోది. రాత్రి బడుల్లో పాఠం చదువుకుని, దాని మీద మాట్లాడుకుని, ఆ ఊరి ఆడవాళ్ళు లేచివెళ్ళి సారా దుకాణం మూయించారు. 1993లో రాష్ట్రమంతా సారా ఆగింది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో సడలించారు. ఆ ఊళ్ళ నుంచి వచ్చినావిడ వైన్ కుటుంబం కష్టాలకు జాలిపడమంటే ఎలా పడుతుంది? "ఇది వేరే దేశం, వైన్ వేరు సారా వేరు" అని మాత్రం ఆవిడ నోరు మూయించకు.

అమెరికాలోనూ నిషేధం కోసం ముందుకొచ్చింది ఆడవాళ్ళే. 1874లో క్లీవ్‌లాండ్‌లో పెట్టిన మహిళా సంఘం దేశమంతా పాకింది. జీతమంతా సెలూన్‌లో, అంటే అక్కడి తాగుడు దుకాణంలో, పోసి ఇంటికొచ్చి చెయ్యిచేసుకునే మొగుళ్ళతో బతికినవాళ్ళు వాళ్ళు. ఓటు కూడా లేని కాలమది. నవలలో అలాంటి ఒక ఆడమనిషైనా మంచిగా కనిపిస్తుందా, లేక అందరూ ముఖం ముడుచుకున్న భక్తురాళ్ళేనా అని అడుగు. మొత్తం నవలను తూచడానికి నేను అడిగే మొదటి ప్రశ్న ఇది. రెండో వైపు కూడా చెప్పు. నిషేధం వల్ల దొంగవ్యాపారం, హత్యలు, లంచాలు పెరిగాయని పోలిన్ సేబిన్ అనే ఆమె 1929లో ఆడవాళ్ళనే కూడగట్టి రద్దు కోసం ఉద్యమం నడిపింది. తమ ఇల్లు, పిల్లలు బాగుండాలనే రెండు వైపులా వాదించారు. ఈ సంగతి చెప్పాక నీ గదిలో రెండు పక్షాలు ఏర్పడతాయి. ఏర్పడనీ. ఎవరో ఒకరు తమ నాన్న గురించో, అన్నయ్య గురించో మాట్లాడటం మొదలుపెడితే "నవల గురించి మాట్లాడదాం" అని ఆపకు, పూర్తిగా చెప్పనీ. తర్వాత మెల్లగా "కథలో నానమ్మ ఆ స్థితిలో ఏం చేసింది" అని అడిగితే వాళ్ళే కథలోకి వస్తారు.

"నచ్చిందా, ఎన్ని స్టార్లు ఇస్తావు" అనే ప్రశ్న అసలు వెయ్యొద్దు. "ఎక్కడ ఆపావు, ఎక్కడ వెనక్కి జరిపి మళ్ళీ విన్నావు" అని అడుగు, మాట దానంతటదే వస్తుంది.

ఆదివారానికి ముందు ఆవిడకు ఫోన్ చెయ్. మిగిలిన పుస్తకం వినమని బతిమాలకు. విన్నంతవరకూ ఏమనిపించిందో అందరికంటే ముందు తననే చెప్పమని అడుగు. చర్చ అయ్యాక ఎవరెవరు ఏమన్నారో నాకు వివరంగా రాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ