కాలేజీ నేషనల్స్ గెలిచిన చీర్‌లీడర్ మా పాపకి కోచ్‌గా వస్తోంది. చేర్చవచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా: డాలస్ దగ్గర ఉంటున్నారు, తొమ్మిదేళ్ల పాపని ఆల్‌స్టార్ చీర్ జిమ్‌లో చేర్చాలనుకుంటున్నారు. కొత్త కోచ్ కాలేజీ జట్టుతో నేషనల్స్ గెలిచి ఈ ఏడాదే చదువు ముగించిన అమ్మాయి. ఇంతకుముందు ఎక్కడా కోచింగ్ చేయలేదు. పతకం చూసి ధైర్యంగా చేర్చేయవచ్చా అని అడిగారు.

పతకం చూసి చేర్చకండి. అలాగని పతకం ఉంది కాబట్టి నేర్పడం రాదేమో అని వెనక్కి తగ్గాల్సిన పనీ లేదు. ఆ అమ్మాయి పక్కన అనుభవమున్న హెడ్ కోచ్ ఎవరున్నారు, పిల్ల తప్పు చేసినప్పుడు ఆమె ఏం చేస్తోంది అన్నవే ఇక్కడ తేల్చే విషయాలు.

ముందు ఒక మాట. ఈ జవాబు చదివే మనవాళ్లలో చాలామందికి చీర్‌లీడర్ అనగానే ఐపీఎల్ బౌండరీ పక్కన డ్యాన్స్ చేసేవాళ్లే గుర్తొస్తారు. ఆల్‌స్టార్ చీర్, అంటే స్కూళ్లతో సంబంధం లేకుండా ప్రైవేట్ జిమ్‌లు పోటీలకి తయారుచేసే చీర్, వేరు. 54 అడుగుల పొడవు, 42 అడుగుల వెడల్పున్న స్ప్రింగ్ ఫ్లోర్ మీద రెండున్నర నిమిషాల్లో టంబ్లింగ్ (నేల మీద పల్టీలు), జంప్స్, మనుషుల్ని ఎత్తే స్టంట్లు, పిరమిడ్లు, డ్యాన్స్ అన్నీ చేయాలి. చీర్‌లీడింగ్ అంతర్జాతీయ సంఘానికి 2021లో ఒలింపిక్ కమిటీ పూర్తి గుర్తింపు ఇచ్చింది కూడా. అమెరికా స్కూళ్లు, కాలేజీల్లో అమ్మాయిల ఆటల్లో జరిగే అతి తీవ్రమైన గాయాల్లో పెద్ద వాటా చీర్‌దే. అందుకే కోచ్ ఎంపికని డ్యాన్స్ టీచర్ ఎంపికలా చూడకూడదు.

ఇక ఛాంపియన్ సంగతి. మొదట ఆమె ఏ పొజిషన్‌లో ఆడిందో అడగండి. ఒక స్టంట్ గ్రూపులో సాధారణంగా నలుగురుంటారు. కింద నుంచి ఎత్తే ఇద్దరు బేస్‌లు ఎదురెదురుగా, వెనక ఆసరాగా ఉండే బ్యాక్‌స్పాట్, పైన నిలబడే ఫ్లయర్. ఫ్లయర్‌గా గెలిచిన అమ్మాయికి పైన నిలబడటం ఎలాగో క్షుణ్ణంగా తెలుసు. కింద బేస్ మోచేతులు ఎక్కడుండాలో, బ్యాక్‌స్పాట్ ఎంత బరువు తీసుకోవాలో ఆమె ఎప్పుడూ చేతులారా చేసి ఉండకపోవచ్చు. పైగా కాలేజీలో ఆమెని ఎత్తింది కండబలమున్న పెద్దవాళ్లు. మీ పాప గ్రూపులో ఎత్తేవాళ్లూ తొమ్మిది పదేళ్ల పిల్లలే. అక్కడ బేస్ చేతుల బలంతో సర్దేసిన తప్పు ఇక్కడ ఫ్లయర్‌ని కింద పడేస్తుంది.

రెండోది, బాగా వచ్చినవాళ్లకి తాము ఎలా చేస్తున్నామో చెప్పడం కష్టం. ఐదేళ్ల వయసు నుంచి వేల సార్లు చేసిన పని ఆలోచన లేకుండా ఒంటికి వచ్చేస్తుంది. విడగొట్టి చెప్పమంటే 'టైట్‌గా ఉండు', 'స్క్వీజ్', 'ఊరికే వెయ్యి' అన్న మూడు మాటలే వస్తాయి. కొత్త కోచ్‌ల దగ్గర అన్నిటికన్నా ఎక్కువ కనిపించే లోపం ఇదే.

ప్రెప్ అనే మామూలు స్టంట్‌లో ఈ తేడా బాగా తెలుస్తుంది. ఫ్లయర్ పాదాలు బేస్‌ల భుజాల ఎత్తులో ఉంటాయి. ఫ్లయర్ ఊగిపోతోందనుకోండి. కొత్త కోచ్ పైకి చూసి 'టైట్' అని అరుస్తుంది. పిల్ల భుజాలు చెవుల దాకా బిగించి, నడుము వెనక్కి తోసి, ఇంకా ఊగుతుంది. తెలిసిన కోచ్ చూపు కింద మొదలవుతుంది. బేస్‌లు దూరంగా నిలబడ్డారా? అయితే ఫ్లయర్ కాళ్లు విడిపోతాయి, ఆ విడిపోయిన కాళ్లని బిగపట్టడం ఏ పిల్ల వల్లా కాదు. ఒక బేస్ పొడుగు, ఒక బేస్ పొట్టి అయితే పాదాలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. బేస్ ఎత్తేది కాళ్లతోనా, నడుము వంచి చేతులతోనా? పాదం పట్టుకున్న చేతులు ఒంటికి దగ్గరగా ఉన్నాయా, ముందుకి చాచి ఉన్నాయా? బ్యాక్‌స్పాట్ చూపు ఫ్లయర్ మీదే ఉందా? ఇవన్నీ అయ్యాకే ఫ్లయర్ దగ్గరికొస్తుంది: మోకాళ్లు లాక్ అయ్యాయా, కళ్లు నేల మీద ఉన్నాయా, ఎదుటి గోడ మీద ఉన్నాయా. నేలకేసి చూసే ఫ్లయర్ ముందుకి వాలుతుంది. అందుకే 'ఆ గోడ మీద గడియారం చూడు' అన్న మాట పది 'టైట్'ల కన్నా బాగా పనిచేస్తుంది.

ఒక ప్రయత్నానికి ఒకే దిద్దుబాటు చెప్పాలి. ఐదు చెబితే తొమ్మిదేళ్ల పిల్ల ఒక్కటీ చేయదు. రెండుసార్లు ఒకే రకంగా తప్పితే మూడోసారి పైకి పంపకుండా ఒక మెట్టు కిందికి దించాలి. అంటే ప్రెప్ మానేసి నడుము ఎత్తులో చేయించడం, అదీ కుదరకపోతే నేల మీదే నిలబెట్టి కౌంట్ల ప్రకారం 'డిప్, స్టెప్, లాక్' చేయించడం. ఛాంపియన్లకి ఈ కిందికి దిగడం మహా చిరాకు. గెలిచే జట్టులో ఏళ్లపాటు 'మళ్లీ, మళ్లీ' అనిపించుకుని పెరిగినవాళ్లు కదా.

ఎక్కడం కన్నా ముందు దిగడం నేర్పుతోందా అన్నది నేను మొదట చూసే గుర్తు. కొత్త పిల్లల సహజ గుణం, పైనున్నది పడుతుంటే పక్కకి తప్పుకోవడం. దాన్ని డ్రిల్లులతో మాన్పించాలి. తల, మెడ నేలకి తగలకుండా చూడటం కింద ఉన్న ముగ్గురి పని అని వాళ్ల ఒంటికి పట్టాలి. క్రేడిల్‌లో, అంటే పైనుంచి వదిలిన ఫ్లయర్‌ని చేతుల్లో పట్టేటప్పుడు, బేస్‌లు ఒక చేయి వీపు కింద, ఇంకో చేయి తొడల కింద పెట్టి, మోకాళ్లు వంచి బరువుతో పాటు కిందికి వెళ్లాలి. బ్యాక్‌స్పాట్ చంకల కింద పడుతుంది. ఫ్లయర్ మోచేతులు విసిరితే బేస్ ముక్కు పగులుతుంది. స్టంట్లలో కంకషన్లు, అంటే మెదడు అదిరే దెబ్బలు, పైనుంచి పడ్డ ఫ్లయర్‌కే కాదు, కింద పట్టుకున్నవాళ్లకీ తగులుతాయి.

టంబ్లింగ్‌లో గొడవ ఎక్కువగా తొందర వల్ల వస్తుంది. ఆల్‌స్టార్‌లో 1 నుంచి 7 దాకా లెవెల్స్ ఉన్నాయి. లెవెల్ 1లో రోల్స్, కార్ట్‌వీల్, రౌండాఫ్ (రెండు కాళ్లూ కలిపి దిగే కార్ట్‌వీల్ లాంటిది), వాకోవర్లు (చేతుల మీదుగా ఒక్కో కాలూ నెమ్మదిగా తిప్పి నిలబడటం). వెనక్కి ఎగిరి చేతుల మీదుగా తిరిగి నిలబడే బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్ లెవెల్ 2లో, రౌండాఫ్ మీదుగా బ్యాక్ టక్ (చేతులు నేలకి తగలకుండా గాల్లో వెనక్కి పల్టీ) లెవెల్ 3లో. తల్లిదండ్రులూ జిమ్ యజమానీ ఒకే తాళంలో 'ఈ ఏడాది లెవెల్ 2' అంటుంటే కొత్త కోచ్ కాదనలేదు. బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్‌కి ముందు గోడకి పొట్ట ఆనించి చేసే హ్యాండ్‌స్టాండ్‌లో మోచేతులు వంగకుండా కాసేపు నిలవాలి, వెనక్కి విల్లులా వంగే బ్రిడ్జ్‌లో భుజాలు తెరుచుకోవాలి, బ్యాక్ వాకోవర్ సులువుగా రావాలి. ఆ తర్వాత వాలుగా ఉండే వెడ్జ్ మ్యాట్, గుండ్రటి బ్యారెల్, కోచ్ చేయి సాయం, ఆఖరికి ఒంటరిగా. మామూలు తప్పులు మూడు: మోకాళ్లు కాలివేళ్లని దాటి ముందుకి రావడం, తల వెనక్కి విసరడం, చేతులు వంగిపోవడం. మూడోది ప్రమాదకరం, ఎందుకంటే చేయి వంగితే తర్వాత నేలని తాకేది తలే. చేతుల్లో బలం చాలక వంగుతుంటే, బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్ ఎన్నిసార్లు చేయించినా అది తగ్గదు. హ్యాండ్‌స్టాండ్, పుషప్ పొజిషన్‌లో భుజం తాకే డ్రిల్లు, ప్లాంక్ లాంటివి వారాల తరబడి చేయించాలి.

పిల్లల ఎముకల చివర్లలో ఎముక పొడుగయ్యే మెత్తటి భాగాలు, అంటే గ్రోత్ ప్లేట్లు, ఉంటాయి. మడమ నొప్పి, మోకాలి చిప్ప కింద నొప్పి, చేతుల మీద బరువేసినప్పుడు మణికట్టు నొప్పి, వెనక్కి వంగితే నడుము కింద నొప్పి, ఈ నాలుగింటినీ 'ఓర్చుకో' అని దాటేయకూడదు. నడుము నొప్పి వారాలు దాటితే వెన్నుపూసలో స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే ఒత్తిడితో వచ్చే సన్నటి చీలిక) ఉందేమో డాక్టర్ చూడాలి. అమ్మాయిల్లో 11, 12 ఏళ్ల ప్రాంతంలో ఒక్కసారిగా ఎత్తు పెరిగే దశ వస్తుంది. నిన్నటిదాకా వచ్చిన స్కిల్ ఆ నెలల్లో తప్పుతుంది. అది బద్ధకం కాదని కోచ్‌కి తెలిసుండాలి. వారానికి సాధన గంటలు పిల్ల వయసు అంకె దాటకూడదన్నది క్రీడా వైద్యులు సాధారణంగా చెప్పే కొలత. తొమ్మిదేళ్లకి తొమ్మిది గంటలు, అందులో ప్రైవేట్ లెసన్లూ కలిపే.

మెంటల్ బ్లాక్ అని ఒకటుంది, చీర్‌లో అందరికీ తెలిసిన బాధ. చక్కగా బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్ వేసే పిల్ల ఒక రోజు వెనక్కి తిరగలేక నిలబడిపోతుంది. పోయిన వారం వచ్చింది కదా అంటూ నిలదీస్తే ముదురుతుంది. శిక్షగా పరుగులు పెట్టించడం, 'శుక్రవారానికి వేయకపోతే జట్టులో లేవు' అని గడువు పెట్టడం, ఐస్‌క్రీమ్ ఆశ చూపడం కూడా ఒత్తిడే. పని చేసేది వెనక్కి వెళ్లడమే. ఆ పిల్లకి భయం లేని మెట్టు ఏదో కనుక్కుని, అది వెడ్జ్ మీదే కావచ్చు, అక్కడ కొన్ని సార్లు వేయించి, వచ్చింది కదా ఇంకొకటి అనకుండా ఆపేయాలి. రొటీన్‌లో, అంటే పోటీలో చేసే రెండున్నర నిమిషాల వరసలో, ఆ స్థానంలో వేరే స్కిల్ పెట్టాలి. ఈ విషయంలో ఛాంపియన్ కోచ్ రెండు విధాలుగా తేలుతుంది. తనకి ఎప్పుడూ బ్లాక్ రాకపోతే పిల్లది మొండితనం అనుకుంటుంది. తనకే వచ్చి బయటపడ్డ అమ్మాయైతే ఈ పని అందరికన్నా బాగా చేస్తుంది. ఇంటర్వ్యూలో సూటిగా అడగదగ్గ ప్రశ్న ఇది.

'మరి మన గోపీచంద్?' అని ఎవరో ఒకరు అంటారు. నిజమే, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచినవాడే, తర్వాత సైనాకీ సింధుకీ కోచ్. కానీ ఆయనకి హైదరాబాద్‌లో ఆట నేర్పిన ఎస్.ఎం. ఆరిఫ్ ఆల్ ఇంగ్లండ్ గెలిచినవారు కాదు, 2000లో ద్రోణాచార్య అందుకున్నారు. రెండు దారులూ పనిచేస్తాయి. గోపీచంద్ పతకం చూసి ఎవరి పతకమైనా అంతే పనిచేస్తుందనుకోవడమే పొరపాటు.

ఛాంపియన్ నిజంగా ఇచ్చేవీ ఉన్నాయి. ఎనిమిది కౌంట్ల లెక్కలో ఎక్కడ సగం బీట్ ఆలస్యమైందో ఆమె చెవికి వెంటనే తెలుస్తుంది. జంప్స్, మోషన్స్ (చేతుల కదలికలు) పదును, ముఖంలో ఉత్సాహం, రొటీన్ ఎక్కడ ఊపిరి ఆడకుండా చేస్తుందో ముందే పసిగట్టడం, పోటీ రోజు వార్మప్ హాల్లో పిల్లల్ని నిమ్మళంగా ఉంచడం, ఇవి మ్యాట్ మీద నిలబడ్డవాళ్లకే వస్తాయి. తొమ్మిదేళ్ల పిల్లలు తల్లిదండ్రుల మాట కన్నా ఆమె మాట వింటారు కూడా. అందుకే మొదటి సీజన్ అనుభవమున్న హెడ్ కోచ్ కింద అసిస్టెంట్‌గా పెట్టి, జంప్స్, డ్యాన్స్, మోషన్స్ ఆమెకి అప్పగించి, స్టంట్లూ, టంబ్లింగ్‌లో పిల్లకి చేత్తో ఆసరా ఇచ్చే స్పాటింగూ కొన్ని నెలలు పక్కన నిలబడి నేర్చుకోనిచ్చే జిమ్ అయితే నిశ్చింతగా చేర్చండి. వచ్చిన మొదటి వారమే పన్నెండు మంది పిల్లల్ని ఒంటరిగా అప్పగించే జిమ్ అయితే తప్పు ఆ అమ్మాయిది కాదు, జిమ్‌ది. పాపని మాత్రం చేర్చకండి.

కాగితాల విషయం త్వరగా చెప్పేస్తాను. అమెరికా ఆల్‌స్టార్ చీర్ సంఘమైన యూఎస్ఏఎస్ఎఫ్ సభ్యత్వం, ఏ లెవెల్ దాకా నేర్పడానికి ఆమెకి క్రెడెన్షియల్ (అర్హత పత్రం) ఉంది, బ్యాక్‌గ్రౌండ్ చెక్, ఆటల్లో వేధింపులు అరికట్టే సేఫ్‌స్పోర్ట్ శిక్షణ, సీపీఆర్, అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీవారి ఉచిత కంకషన్ కోర్సు. అడిగితే చిరాకు పడే జిమ్ ఉంటే అదే జవాబు. తలకి దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే ఆ రోజుకి సాధన బంద్, డాక్టర్ అనుమతి తర్వాత కూడా ఒక్కో మెట్టుకీ కనీసం 24 గంటల చొప్పున తిరిగి రావాలి. కోచ్ పాపకి విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు, మీరూ ఉన్న గ్రూపులోనే పెట్టాలి. ప్రైవేట్ లెసన్ తలుపులేసిన గదిలో జరగకూడదు. పేరున్నవాళ్ల దగ్గర ఇవి అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు. అమెరికా అంతటా తెలిసిన ఛాంపియన్ చీర్ జట్టు సభ్యుడొకరికి పిల్లలపై లైంగిక నేరాల కేసులో 2022లో 12 ఏళ్ల జైలు పడింది. మొహమాటం వద్దు.

పాప శరీరం గురించి వచ్చే మాటలూ వినండి. 'ఫ్లయర్ కావాలంటే తగ్గాలి' అన్న మాట తొమ్మిదేళ్ల పిల్ల చెవిన ఒక్కసారి పడినా ఆ జిమ్ వద్దు. ఈ వయసులో పిల్లలందరినీ నాలుగు పొజిషన్లలో తిప్పాలి. ఇప్పుడు చిన్నగా ఉన్న పిల్ల రెండేళ్లలో అందరికన్నా పొడుగవుతుంది, అప్పటికి బేసింగ్ రాకపోతే జట్టులో చోటు కష్టం.

చూడటానికి వెళ్లేటప్పుడు రొటీన్ డ్యాన్స్ చేయించే రోజు వెళ్లకండి, ఆ రోజు అందరూ బాగానే కనిపిస్తారు. స్టంట్లున్న రోజు అడిగి, క్లాస్ చివరి ఇరవై నిమిషాలు కూర్చోండి. పిల్లలు అలిసిపోయినప్పుడు ఆమె స్టంట్ ఎత్తు తగ్గిస్తోందా, 'ఇంకొక్కసారి' అంటోందా గమనించండి. ఏడాది కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టేముందు ఒక నెల మామూలు టంబ్లింగ్ క్లాసుకి మాత్రమే డబ్బు కట్టండి. చాలా జిమ్‌లలో అవి విడిగా ఉంటాయి, సీజన్ మధ్యలో మానేస్తే కట్టాల్సిన రుసుమూ ఉండదు.