డాక్టర్లకు మాట్లాడటం ఎవరు నేర్పుతారు?

క్యాన్సర్ గురించి మాకు వచ్చే ఉత్తరాల్లో మందుల మీద ప్రశ్నలు తక్కువ, డాక్టర్ల మాటతీరు మీద ఫిర్యాదులు ఎక్కువ. ఈసారి పూర్తిగా వాటికే జవాబులు.

ప్రశ్న: మా నాన్నగారికి పాంక్రియాస్ క్యాన్సర్. మొన్న ఓపీకి తీసుకెళ్తే డాక్టరు గారు కంప్యూటర్ మీంచి కళ్ళు తిప్పకుండానే "ఫోర్త్ స్టేజ్ అమ్మా, ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైనవి పెట్టండి" అనేసి తర్వాతి పేషెంట్‌ని పిలిచారు. నాన్న నా పక్కనే ఉన్నారు. అంత చదువు చదివినవాళ్ళకి ఎలా మాట్లాడాలో నేర్పరా? — ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చాలామందికి నేర్పలేదమ్మా, ఉన్నమాట చెప్పాలంటే. మన దేశంలో ఎంబీబీఎస్‌లో కమ్యూనికేషన్‌ని తప్పనిసరి పాఠంగా పెట్టింది 2019లో, కొత్త కరిక్యులమ్‌తో పాటు, ఏట్‌కామ్ అనే మాడ్యూల్ పేరుతో. ఇవాళ మీకు ఓపీలో కనిపించే ఆంకాలజిస్టులు, అంటే క్యాన్సర్ డాక్టర్లు, అంతకుముందు చదువుకున్నవాళ్ళు. రౌండ్స్‌లో సీనియర్ గారు ఎలా చెబితే అలా చెప్పడం అలవాటైంది వాళ్ళకి. ఆ సీనియర్ నెమ్మదస్తుడైతే పేషెంట్ల అదృష్టం, కాకపోతే మీ నాన్నగారికి జరిగిందే జరుగుతుంది.

ఇది మన ఒక్కరి గొడవే అనుకోకండి. 1961లో షికాగోలో ఒక సర్వే చేస్తే దాదాపు 90 శాతం మంది డాక్టర్లు క్యాన్సర్ అని పేషెంట్‌కి చెప్పకపోవడమే మా అలవాటు అన్నారు. 1979లో అమెరికాలోనే మళ్ళీ అడిగితే 97 శాతం మంది చెబుతామన్నారు, పూర్తిగా తలకిందులు. చెప్పాలన్నది తేలిపోయింది గానీ ఎలా చెప్పాలన్నది అక్కడ కూడా చాలా ఏళ్ళపాటు ఎవరికి తోచినట్టు వాళ్ళదే. 2000లో హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్ సైకియాట్రిస్ట్ వాల్టర్ బెయిల్, టొరంటో ఆంకాలజిస్ట్ రాబర్ట్ బక్‌మన్, ఇంకొందరు కలిసి స్పైక్స్ అనే ఆరు మెట్ల పద్ధతి ప్రచురించారు, ఇప్పుడు ఎక్కడ ట్రైనింగ్ ఇచ్చినా ఎక్కువగా దాంతోనే మొదలుపెడతారు. ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టి ఫోన్ పక్కన పెట్టాలి. తర్వాత "ఇప్పటిదాకా మీకేం చెప్పారు, మీరేం అనుకుంటున్నారు" అని అడగాలి. వివరాలన్నీ తెలుసుకోవాలనుందా, పైపైన చెబితే చాలా అని కూడా అడగాలి. ఆ తర్వాతే "రిపోర్టు మనం అనుకున్నంత బాగా లేదండీ" అని ఒక్క మాట ముందుగా వేసి, అసలు సంగతి కొంచెం కొంచెంగా చెప్పాలి. ఆ మాటకి ఎదుటివాళ్ళు ఎలా అయిపోతే దాన్ని పట్టించుకోవాలి, చివరికి ఇప్పుడేం చేద్దామన్నది మాట్లాడుకోవాలి.

వీటిలో అసలు కష్టమంతా ఆ ఐదో మెట్టు దగ్గరే. సంగతి చెప్పేశాక డాక్టరు కాసేపు నోరు మూసుకుని కూర్చోవాలి. నీళ్ళ గ్లాసు అందించొచ్చు, కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకోవచ్చు, కానీ మాట్లాడకూడదు. మన దగ్గర చాలామంది సరిగ్గా అప్పుడే కీమో సైకిళ్ళ లెక్క, ఆరోగ్యశ్రీ కాగితాల సంగతి మొదలెడతారు, ఆ పూట పేషెంట్ చెవిన అందులో ఒక్క ముక్క కూడా పడదు.

మీ సంగతికొస్తే, "ఇంటికి తీసుకెళ్ళండి" అన్నంత మాత్రాన చేయడానికి ఇంకేమీ లేదని కాదు. ఈ క్యాన్సర్‌లో నొప్పి విపరీతంగా ఉంటుంది, దానికి మార్ఫిన్ ఉంది, అది చాలకపోతే నరాల దగ్గర ఇచ్చే బ్లాక్ ఇంజెక్షన్ ఉంది. కామెర్లు వస్తే పైత్యరసం దారి తెరవడానికి స్టెంట్ అనే చిన్న గొట్టం వేస్తారు. ఇవన్నీ చూసేవాళ్ళని పాలియేటివ్ కేర్ డాక్టర్లు అంటారు, హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. మీరు వెళ్ళే చోట ఉందో లేదో అడగండి. అదే డాక్టరు గారి దగ్గరికి ఇంకోసారి వెళ్ళాల్సి వస్తే ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్ళి, కూర్చోగానే ఆ కాగితం ఆయన చేతికివ్వండి.

ప్రశ్న: మా అమ్మకి రొమ్ము క్యాన్సర్. ఆవిడకి మాత్రం "గడ్డ" అనే చెప్పాం, తెలిస్తే తట్టుకోలేదు. కీమో మొదలుపెట్టే ముందు అమ్మతో తాను మాట్లాడాల్సిందేనని డాక్టరమ్మ పట్టుబడుతున్నారు. అన్నీ మేం చూసుకుంటామన్నా వినట్లేదు. ఇదేం మొండితనం? — ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: నిజానికి ఆవిడ ట్రైనింగ్ తీసుకున్న మనిషిలా ఉంది, మీకు మంచి డాక్టరే దొరికారు. మీరు దాస్తున్నది ప్రేమతోనే, కాదనను. కానీ కీమో వార్డులో పక్క మంచం మీదామెకి జుట్టుండదు, గేటు దగ్గర బోర్డు మీద ఏ ఆసుపత్రో పెద్దక్షరాల్లో ఉంటుంది, తోడొచ్చిన ఆడవాళ్ళు మీ అమ్మ ముందే అన్నీ మాట్లాడుకుంటుంటారు. ఇలాంటి ఇళ్ళల్లో చాలాసార్లు అమ్మకి తెలిసే ఉంటుంది, పిల్లలు బాధపడతారని తెలియనట్టు నటిస్తుంటుంది, మీరేమో ఆవిడకి తెలియదనుకుని నటిస్తుంటారు. ఇద్దరూ ఎవరి ఏడుపు వాళ్ళు బాత్రూమ్‌లో ఏడుస్తారు.

చట్టం సంగతి కూడా ఒకటుంది. అత్యవసరం కానప్పుడు, సొంతంగా నిర్ణయం తీసుకోగలిగిన మేజర్ పేషెంట్‌కి బదులు ఇంట్లోవాళ్ళ అనుమతి సరిపోదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో సర్జన్ తల్లి అనుమతి తీసుకుని కూతురికి గర్భసంచి ఆపరేషన్ చేసింది. కాబట్టి మీ డాక్టరమ్మ రేపు కీమో కన్సెంట్ (అనుమతి పత్రం) మీద మీ అమ్మ చేత సంతకం పెట్టించుకోవాలంటే అది దేనికో ఆమెకి చెప్పి తీరాలి.

అలాగని వెళ్ళీ వెళ్ళగానే "మీకు క్యాన్సర్" అని మొహం మీద చెప్పేయరు, భయపడకండి. నేర్చుకున్నవాళ్ళు ముందు మిమ్మల్ని పక్కకి పిలిచి, చెబితే ఏమవుతుందని మీ భయమో అడుగుతారు. తర్వాత మీ ఎదురుగానే అమ్మని అడుగుతారు: "మీ జబ్బు గురించి మీరేం అనుకుంటున్నారమ్మా? వివరాలన్నీ మీతోనే మాట్లాడమంటారా, అబ్బాయితో మాట్లాడితే చాలంటారా?" అబ్బాయితో చెప్పండి చాలు అని ఆవిడే అంటే, అదీ ఆవిడ నిర్ణయమే, దాన్ని గౌరవిస్తారు. ఇంటిల్లిపాదీ కలిసి నిర్ణయాలు తీసుకోవడం జపాన్‌లోనూ మామూలే. అందుకే వాళ్ళు అమెరికా పద్ధతిని ఉన్నదున్నట్టు దించుకోకుండా, కుటుంబాన్ని కూడా కలుపుకుని మాట్లాడేలా షేర్ అనే సొంత పద్ధతి తయారుచేసుకుని తమ ఆంకాలజిస్టులకి నేర్పుతున్నారు. మనకూ అలాంటిదొకటి కావాలని నా అభిప్రాయం.

ప్రశ్న: నేను మెడికల్ ఆంకాలజీ రెసిడెంట్‌ని. కిక్కిరిసిన ఓపీ, తలుపు దగ్గర తోపులాట. ఆరు మెట్లు, గంటలు గంటలు మాట్లాడటం పుస్తకాల్లో బాగానే ఉంటుంది. ఈ ట్రైనింగ్‌లు నిజంగా పనిచేస్తాయా సార్? — విశాఖపట్నం

జవాబు: సగం పనిచేస్తాయి బాబూ. బ్రిటన్‌లో లెస్లీ ఫాలోఫీల్డ్ బృందం 34 క్యాన్సర్ సెంటర్ల నుంచి 160 మంది డాక్టర్లని తీసుకుని, కొందరికి మూడు రోజుల కోర్సు ఇచ్చి, అసలు పేషెంట్లతో మాట్లాడుతుండగా వీడియో తీసి చూసింది. 2002లో వచ్చిన ఆ ఫలితాల్లో కోర్సు చేసినవాళ్ళ మాటతీరు స్పష్టంగా మెరుగుపడింది. వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కోక్రేన్ అనే సంస్థ 2018లో ఇచ్చిన సమీక్ష ఇలాంటి 17 ట్రయల్స్‌ని కలిపి చూసి, డాక్టర్లు, నర్సుల్లో సానుభూతి పెరుగుతోందని, వట్టి వివరాలు వల్లించడం తగ్గుతోందని చెప్పింది. అయితే దానివల్ల పేషెంట్ల ఆందోళన తగ్గిందన్న రుజువు మాత్రం దొరకలేదు. కోర్సులు అమ్మేవాళ్ళు ఈ రెండో ముక్క చెప్పరు.

లెక్చర్ వింటే ఏమీ రాదు, ఈత గురించి చదివినట్టే. అమెరికాలో ఆంకోటాక్ అనే శిబిరంలో నటుల్ని పేషెంట్లుగా కూర్చోబెట్టి, మాట తడబడిన చోట ఆపించి, మళ్ళీ అక్కణ్ణుంచే చెప్పించేవాళ్ళు. మీరు డ్యూటీ రూమ్‌లో తోటి రెసిడెంట్లతో ఇదే చేయొచ్చు, ఒకరు డాక్టరు, ఒకరు పేషెంట్, ఒకరు గదమాయించే బావమరిది. కాకపోతే దయచేసి తెలుగులో చేయండి. ఇంగ్లీషులో "ఐ విష్ థింగ్స్ వర్ డిఫరెంట్" అని ప్రాక్టీస్ చేసి, తీరా శ్రీకాకుళం నుంచొచ్చిన పెద్దాయన ముందు మాట దొరక్క నీళ్ళు నమిలేవాళ్ళని చాలామందినే చూశాను.

ఇంకొకటి, "ఏం కాదమ్మా, ధైర్యంగా ఉండండి" అన్నది మన ఓపీల్లో అందరి నోటా వినిపించే మాట. మంచి మనసుతోనే అంటారు, కానీ ఆ మాటతో పేషెంట్ అడగబోయిన ప్రశ్న గొంతులోనే ఆగిపోతుంది. దాని బదులు "భయంగా ఉందా? దేని గురించి ఎక్కువ టెన్షన్?" అని అడిగి చూడండి. టైమ్ అంటారా, 1984లో అమెరికాలో రికార్డు చేసి చూస్తే డాక్టర్లు సగటున 18 సెకన్లకే పేషెంట్ మాటకి అడ్డుపడుతున్నారని తేలింది. ఓపీ ఎంత కిక్కిరిసినా ఒక్క నిమిషం వాళ్ళని పూర్తిగా చెప్పనిస్తే వరస ఏమీ ఆగిపోదు.

ప్రశ్న: ఎన్నాళ్ళు బతుకుతారంటే ఒక్క డాక్టరూ సూటిగా చెప్పడేం? — ఖమ్మం

జవాబు: ఒకే అంకె చెబితే అది తప్పు కావడమే ఎక్కువ కాబట్టి. "ఆర్నెల్లు" అన్నవాళ్ళు రెండేళ్ళుంటారు, నెల తిరక్కుండా పోయినవాళ్ళూ ఉంటారు. మీరు అడిగే తీరు మార్చి చూడండి: "అంతా కలిసొస్తే ఎన్నాళ్ళు, కలిసిరాకపోతే ఎన్నాళ్ళు, ఇలాంటి జబ్బున్న ఎక్కువమందికి ఎన్నాళ్ళు?" ఇలా మూడుగా అడిగితే చాలామంది డాక్టర్లు నోరు విప్పుతారు. అయితే పేషెంట్‌కి వినాలనుందో లేదో ముందే కనుక్కుని వెళ్ళండి.